దుంప కోసి చూడాలి



ఇంట్లో అరటిపండు ఉంటే, ఈ ప్రసంగం వింటూనే ఒకటి ఒలిచి అడ్డంగా విరిచి చూడండి. మధ్యలో సన్నటి నల్ల చుక్కలు కనిపిస్తాయి. గింజలు కావలసినవి, కాలేకపోయినవి. అడవి అరటికైతే ఆ చోట మిరియాల్లాంటి గట్టి గింజలు పండు నిండా ఉంటాయి, నోట్లో వేసుకుంటే గుజ్జు కంటే గింజే ఎక్కువ తగులుతుంది. ఎన్నో వేల ఏళ్ల కిందట గింజలేని పండు కాసిన చెట్టు మనిషి కంటపడింది. పిలక పెకలించి ఇంటి దగ్గర నాటుకున్నాడు. దాని పిలక పొరుగువాడికి ఇచ్చాడు. తాంబూలంలో మనం పెట్టుకునే పండు అలా చేతులు మారుతూ వచ్చినదే.

ఇందులో ఒక చిక్కుంది. గింజ నుంచి వచ్చిన మొక్క తల్లిని కొంత, తండ్రిని కొంత పోలి, ఎవరి పోలికా పూర్తిగా రాకుండా పుడుతుంది. పిలక అలా కాదు, తల్లే మళ్లీ లేచి నిలబడినట్టు. మీ ఊళ్లో పదెకరాల కర్పూర చక్కెరకేళి తోట ఉందనుకోండి. లెక్కకు పదివేల చెట్లు ఉండవచ్చు గాని, నిజానికి ఒకే చెట్టు పదివేల చోట్ల నిలబడి ఉంది. దాన్ని పడగొట్టడం ఒక బూజుకు చేతనైందంటే, పదివేలనూ పడగొట్టడం చేతనైనట్టే. అరటిలో ఏ రకం వడలు తెగులును తట్టుకుంటుందో ముందే పరీక్ష పెట్టి ఏరుకోవడానికి ప్రపంచమంతా ఇంత తాపత్రయం అందుకే. ఈ పూట ఆ పరీక్ష గురించే మాట్లాడతాను. నా ఉద్యోగ జీవితంలో సగం ఆ పనిలోనే గడిచింది.

గోదావరి లంకల రైతులు ఈ పరీక్షను మాకంటే ముందే చేశారు. అమృతపాణి, కర్పూరం ఒకే చేలో పక్కపక్కన వేసిన పెద్దవాళ్లను అడగండి. రెండేళ్లు తిరిగేసరికి అమృతపాణి వరుసలు పండుబారి కూలబడేవి, కర్పూరం మాత్రం గెల వేసేది. రుచికి అమృతపాణిదే పైచేయి, అందులో వాదం లేదు. చుట్టం వచ్చినరోజు అమృతపాణి, మిగిలిన రోజుల్లో కర్పూరం అన్నట్టుండేది మా ఇంట్లో. ఇప్పుడు రావులపాలెం మార్కెట్ యార్డులో గెలల వరుసల మధ్య నడిస్తే అమృతపాణిని వెతుక్కోవాలి. దానికి కారణాలు చాలా ఉన్నా, ఈ తెగులు వాటిలో చిన్నదేం కాదు.

తెగులు పేరు పనామా. పేరు ఆ దేశానిదే అయినా పుట్టిల్లు అక్కడ కాదు. మొదట రాసిపెట్టినవాడు ఆస్ట్రేలియాలోని డాక్టర్ జోసెఫ్ బాంక్రాఫ్ట్, 1876లో. బ్రిస్బేన్ పట్టణం పక్కన తోటల్లో అరటి చెట్లు ఎందుకు వడలిపోతున్నాయని వెతికాడు. అక్కడ పడిపోతున్న రకాన్ని వాళ్లు 'షుగర్' అంటారు. ఆ షుగర్ ఏ కుటుంబానిదో తెలుసా? మన అమృతపాణి కుటుంబానిదే. తమిళులు రస్తాలి అన్నా, బెంగాలీలు మర్తమాన్ అన్నా, బీహారులో మాల్‌భోగ్ అన్నా ఇల్లొక్కటే. అంటే ఈ తెగులు గురించి లోకం రాసుకున్న మొదటి కాగితంలోనే మన అమృతపాణి బంధువు చచ్చిపోయి కనిపిస్తుంది.

తెగులు ఎలా పని చేస్తుందో కాస్త చెప్పాలి, లేకపోతే పరీక్ష సంగతి అర్థం కాదు. ఫ్యుజేరియం అనే బూజు ఇది, నేలలో కాపురం ఉంటుంది. అరటి వేరు దగ్గరికి రాగానే మొలకెత్తి, సన్నటి పిల్లవేళ్ల గుండా లోపలికి పోయి, నీళ్లు పైకెక్కే గొట్టాల్లోకి చేరుతుంది. అక్కడి నుంచి నీటితోపాటే పైకి ప్రయాణం. గొట్టాలు మూసుకుపోతాయి. చెట్టు కింద తడి ఉంటుంది, పైన దాహంతో చస్తుంది. మొదట అడుగు ఆకుల అంచులు పసుపెక్కుతాయి. తర్వాత ఆకు తొడిమ దగ్గర విరిగి, బోదె చుట్టూ లంగా కట్టినట్టు వేలాడుతుంది. బోదె అడుగున నిలువుగా పగులుతుంది. పండుకు మాత్రం ఏమీ కాదు, తినేవాళ్లకు భయం లేదు. చెట్టు చచ్చాక బూజు గట్టి పెంకు తొడుక్కున్న బీజాలుగా మారి మట్టిలో పడుకుంటుంది. ఇరవై, ముప్పై ఏళ్లయినా పడుకోగలదు. తండ్రి తోటలో పోయిన తెగులు కొడుకు తోటలో లేచి కూర్చుంటుందన్నమాట. మందు చల్లి నేలనంతా శుద్ధి చేయడం జరిగే పని కాదు. నిలబడే రకాన్ని వెతుక్కోవడమే దారి.

ఆ దారి పట్టకపోతే ఏమవుతుందో మధ్య అమెరికా చూపించింది. వందేళ్ల కిందట అమెరికా, ఐరోపా దేశాలకు ఓడల్లో పోయిన అరటిలో ఎక్కువ భాగం గ్రో మిషెల్ అనే ఒకే రకం. తొక్క మందం, గెల పెద్దది, దెబ్బ తగిలినా చెడదు, వ్యాపారికి అంతకంటే ఏం కావాలి? కంపెనీలు పనామాలో, కోస్టారికాలో, హోండురాస్‌లో అడవులు నరికి వేల ఎకరాలు అదే నాటాయి. తెగులు వచ్చింది. ఆ తోట వదిలేసి ఇంకో అడవి నరికారు. పిలకలు మాత్రం పాత తోటవే పట్టుకెళ్లారు, పిలకతో పాటు తెగులూ వెళ్లింది. నేలను నెలల తరబడి నీట ముంచి చూశారు. కొన్నాళ్లు తగ్గి మళ్లీ వచ్చింది. సుమారు 40,000 హెక్టార్లు, అంటే మన లెక్కలో లక్ష ఎకరాల తోటలు పాడుబడ్డాయని చెబుతారు.

చివరికి 1960 ప్రాంతానికి గ్రో మిషెల్‌ను వదిలి కావెండిష్ కుటుంబానికి మారారు. మన దగ్గర పొట్టి పచ్చ అరటి, రాయలసీమలో గ్రాండ్ నైన్ ఆ కుటుంబంవే. ఒక చిన్న ముచ్చట. గ్రాండ్ నైన్ అంటే ఫ్రెంచి భాషలో పెద్ద మరుగుజ్జు అని. అనంతపురం, పులివెందుల వైపు అది 'జీ నైన్' అయిపోయింది. 'జీ ఎయిట్ కూడా ఉందా సార్?' అని ఒక రైతు నన్నడిగాడు. లేదని చెప్పడానికి మనసొప్పలేదు.

కావెండిష్ ఎందుకు నిలబడింది? గ్రో మిషెల్ చచ్చిన మట్టిలోనే దాన్ని నాటినా చావలేదు కాబట్టి. అదీ ఒక పరీక్షే, నేల పెట్టిన పరీక్ష. ఆ పరీక్ష ఫలితాన్ని లోకం ఇలా రాసుకుంది: 'కావెండిష్ పనామా తెగులును తట్టుకుంటుంది.' చదవడానికి నిండుగా ఉన్నా అది సగం వాక్యమే. మిగతా సగం రాయకపోవడం వల్లనే ఇప్పుడు మళ్లీ వీధిన పడ్డాం.

ఈ బూజులో తెగలున్నాయి. ఒకటో తెగ గ్రో మిషెల్‌ను, అమృతపాణిని పడగొట్టేది. రెండో తెగ కూర అరటి రకాల మీద పడుతుంది. మూడో తెగ సంగతి విని మీరు నవ్వుతారు. దాన్ని చూసింది హెలికోనియా అనే పూలమొక్క మీద. అరటి లెక్కలోంచి తర్వాత దాన్ని తీసేశారు గాని, అంకె మాత్రం అలాగే ఖాళీగా ఉండిపోయింది. నాలుగో తెగ కావెండిష్‌ను పడగొడుతుంది. మొదటి రెండు తెగలకు లొంగేవాటిని కూడా వదలదు. తాడిని తన్నేవాడి తల తన్నేవాడు. కావెండిష్ గెలిచింది ఒకటో తెగ మీద. నాలుగో తెగ ఎదురుపడని చోట గెలిచింది. 1967లో తైవాన్‌లో కావెండిష్ తోటలు వడలడం మొదలైంది. 1990ల మొదట్లో మలేషియా, ఇండోనేషియాల్లో కొత్తగా వేసిన పెద్ద పెద్ద ఎగుమతి తోటలు కూలాయి. వేడి దేశాల్లో, చలి దెబ్బ ఏమీ లేకుండానే చెట్టును చంపే ఆ రూపానికి ఉష్ణమండల నాలుగో తెగ అని పేరు పెట్టారు, పొట్టిగా టీఆర్ ఫోర్ అంటారు. 2013లో జోర్డాన్‌లో, మొజాంబిక్‌లో కనిపించింది. 2019లో కొలంబియాలో బయటపడేసరికి అమెరికా ఖండం ఉలిక్కిపడింది.

మన దేశానికీ వచ్చింది. బీహారులో కటిహార్, పూర్ణియా వైపు కావెండిష్ తోటల్లో 2015 నుంచి కనిపించిన వడలు ఇదేనని తిరుచిరాపల్లిలోని జాతీయ అరటి పరిశోధన కేంద్రం తేల్చింది. తర్వాత ఉత్తరప్రదేశ్‌లోనూ దొరికింది. అంతకంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన సంగతి ఇంకొకటుంది. ఆ తిరుచిరాపల్లి శాస్త్రవేత్తలే 2010లో తమిళనాడు తోటల నుంచి ఒక బూజును పట్టుకున్నారు. అది ఒకటో తెగకు చెందినదే, కావెండిష్‌ను ముట్టుకోకూడనిదే. అయినా కావెండిష్‌ను పడగొట్టింది. పుస్తకంలో గీసిన గీతలు బూజు చదువుకోలేదు కదా. అందుకే ఒక రకాన్ని పరీక్షించానని ఎవరైనా అంటే, ఏ ఊరి మట్టిలోని ఏ బూజుతో అని నేను ముందు అడుగుతాను.

ఇప్పుడు పరీక్ష దగ్గరికి వద్దాం. ముందు వడలిన చెట్టు బోదెలోంచి ఎర్రబారిన నార పోగులు తీసి, బంగాళాదుంప కషాయంతో చేసిన జెల్లీ మీద పెడతాం. రెండు మూడు రోజుల్లో తెల్లటి దూదిలాంటి బూజు పైకి వస్తుంది, కొన్నిసార్లు ఊదా రంగు తేలుతుంది. దాంట్లోంచి ఒకే ఒక్క బీజాన్ని విడదీసి మళ్లీ పెంచుతాం. ఇది ఓపిక పని. గుంపుగా పెంచితే ఎవరు చంపారో తెలియదు. ఏ తెగో జన్యుపరీక్షతో తేల్చుకున్నాక, జొన్న గింజల మీదో, మొక్కజొన్న పిండి కలిపిన ఇసుకలోనో బూజును బాగా పెంచి కుండీ మట్టిలో కలుపుతాం. ఇంకో పద్ధతిలో వేళ్లను కాస్త కత్తిరించి, మిల్లీలీటరుకు పది లక్షల బీజాలున్న నీళ్లలో అరగంట ముంచి నాటుతాం. మొక్కలు టిష్యూ కల్చర్‌వి కావాలి, రెండు మూడు నెలల వయసువి, అన్నీ ఒకే ఎత్తువి. పిలకలు తెచ్చి పెడితే వాటితో వచ్చిన తెగులేదో, మేం పెట్టినదేదో తెలియక తలపట్టుకోవాలి.

పరీక్షలో ఇద్దరు సాక్షులు తప్పనిసరి. కచ్చితంగా చచ్చే రకం ఒకటి, కచ్చితంగా నిలబడే రకం ఒకటి. ఒకటో తెగతో పరీక్షలో చచ్చే సాక్షిగా మన అమృతపాణి బంధువులే పనికొస్తాయి. వినడానికి బాధగా ఉంటుంది గాని పరీక్షకు ప్రాణం ఆ చావే. చచ్చే రకం చావకపోతే మిగిలినవి బతికినా లెక్కలోకి రాదు. బూజు బలం చాలలేదనో, కుండీ మరీ ఆరిందనో, మరీ చల్లబడిందనో అర్థం. ఆ రోజు మొత్తం పరీక్షను పారేసి మొదటి నుంచి మొదలుపెట్టాలి. అలా పారేయడానికి మనసు రాక, 'ఈసారి అన్నీ తట్టుకున్నాయి' అని రాసేసుకునే ప్రలోభం ఉంటుంది. దానికి లొంగినవాళ్లను చూశాను.

నేనూ ఒక తప్పు చేశాను. చెబుతాను. ఉద్యోగంలో చేరిన తొలి రోజులు. రెండు నెలల పరీక్ష అయ్యాక కుండీల మధ్య తిరిగి ఆకులకు మార్కులు వేశాను. ఆకులకు ఒకటి నుంచి అయిదు: ఒకటి అంటే పచ్చగా ఉంది, అయిదు అంటే చచ్చింది. ఒక రకం ఒకటికి ఒకటి తెచ్చుకుంది, ఒక్క ఆకు పసుపెక్కలేదు. ఎగిరి గంతేసి పట్టిక తయారుచేసి మా పెద్దాయన బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లజోడు పైకెత్తి ఒకే ప్రశ్న అడిగారు.

'దుంప కోశావా?'

'ఆకులన్నీ పచ్చగా ఉన్నాయి కదండీ...'

'ఆకు సంగతి అడగలేదయ్యా. దుంప కోశావా అని అడిగాను.'

ఆయనే లేచి వచ్చారు. కుండీ బోర్లించి, వేళ్ల మట్టి కడిగి, దుంపను నడిమికి కోశారు. తెల్లగా కొబ్బరి ముక్కలా ఉండాల్సిన చోట తుప్పు మరకల్లా ఎర్రగా, గోధుమ రంగుగా చుక్కలు. రెండో మొక్క, మూడో మొక్క కూడా అంతే. ఆకుకు ఇంకా కబురు అందలేదు, అంతే తేడా. ఇంకో నెల ఆగితే అందేది. దుంపకు వేరే మార్కులున్నాయి, ఒకటి నుంచి ఎనిమిది. ఒకటి అంటే లోపల మచ్చ లేదు. మూడు అంటే నూటికి అయిదు వంతుల లోపు రంగు మారింది. ఆరు అంటే సగానికి పైగా. ఎనిమిది అంటే మొక్క చచ్చింది. కొన్ని చోట్ల సున్నా నుంచి అయిదు వరకూ వేసుకుంటారు, పద్ధతి ఏదైనా కత్తి మాత్రం తప్పదు. నా పట్టికను ఆయన చింపలేదు. వెనక్కి ఇచ్చి, 'దాచుకో' అన్నారు. ఇప్పటికీ ఉంది.

దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది, అది ఇంకా తిరకాసు. ఆకు పసుపెక్కింది, దుంప తెల్లగా ఉంది. అంటే పొటాషియం చాలలేదేమో, నీరు నిలిచి వేరు కుళ్లిందేమో. దుంప మెత్తబడి దుర్వాసన వస్తే అది బ్యాక్టీరియా వల్ల వచ్చే దుంపకుళ్లు, కథ వేరు.

తట్టుకునే రకం లోపల ఏం చేస్తుంది? బూజును రానివ్వదు అనుకుంటారు చాలామంది. రానిస్తుంది. లొంగే రకంలోకీ, నిలబడే రకంలోకీ బూజు వేరు గుండా దిగుతూనే ఉంటుంది. తేడా వేగంలో ఉంది. నిలబడే మొక్క, శత్రువు గొట్టంలో అడుగుపెట్టగానే ఆ గొట్టంలోకి బుడగల్లాంటి అడ్డాలు ఊది, జిగురు పోసి మూసేస్తుంది. ఒకటి రెండు గొట్టాలు పోయినా మిగిలినవాటితో బతుకుతుంది. లొంగే మొక్క కూడా మూస్తుంది, కానీ బూజు దాటిపోయాక. దొంగ వెళ్లాక తలుపు గడియ వేసినట్టు. ఇందులో ఒక ప్రమాదం దాక్కుని ఉంది. వేళ్లలో బూజును మోస్తూ పైకి ఏ లక్షణం చూపించని రకం, తన పిలకతో ఆ బూజును ఇంకో ఊరికి పంపగలదు. అలాంటిది మా పట్టికలో 'మంచి రకం' అని నమోదవుతుంది. నన్నడిగితే ఆ రకానికి పక్కనే ఒక ఎర్ర చుక్క పెట్టాలి.

కుండీలో నెగ్గితే పని అయిపోలేదు, తోటలో నెగ్గాలి. తెలంగాణలో ఈ విద్యకు మంచి బడి ఉంది, అరటిది కాదు, కందిది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ క్షేత్రంలో కంది ఎండు తెగులు మడులు ఉండేవి. మంచి నేలను కావాలని జబ్బుచేసిన మడి అది. ఎండిన కంది మొక్కలను తునకలు చేసి మళ్లీ అదే మట్టిలో దున్నుతారు. నాలుగు వరుసలకో ఎన్ని వరుసలకో ఒకటి చొప్పున లొంగే రకం వేస్తారు. అది ఎండితేనే పక్క వరుసకు పరీక్ష జరిగినట్టు. అలాంటి మడుల్లో నెగ్గి వచ్చిన కందులు తర్వాత రైతులకు అందాయి. ఐసీపీ 8863 అనే కంది రకం మారుతి పేరుతో కర్ణాటకలో విడుదలైంది, వడలును తట్టుకునే ఆశ రకం కూడా మనవాళ్లకు తెలిసినదే. అక్కడి కంది మొక్క ఒక్క పంటకాలంలోనే జవాబు చెప్పేస్తుంది. అరటి అంత తొందరగా చెప్పదు. మొదటి కాపు నిలబడి గెల కోసుకున్నాక, అదే దుంప నుంచి వచ్చిన పిలక పంటలో ధబీమని పడిపోయిన రకాలు ఉన్నాయి. అందుకే రెండు కాపులైనా చూడందే నోరు విప్పకూడదు. పైగా అరటి కోసం జబ్బు మడి చేయాలంటే, ఆ మడి చుట్టుపక్కల నీరు, చెప్పుల మట్టి, ట్రాక్టరు చక్రం, అన్నీ కాపలా కాయాలి. ఇరవై ముప్పై ఏళ్లు పడుకునే శత్రువును మనమే పెంచుతున్నాం మరి. నాలుగో తెగ లేని ప్రాంతంలో నాలుగో తెగతో పరీక్ష చేద్దామని ఉత్సాహపడేవాళ్లు ఉంటారు. వద్దు. తెగులు ఎక్కడుందో అక్కడికే మొక్కలు వెళ్లాలి, తెగులును మన ఊరికి తెచ్చుకోకూడదు.

ఇంత చేస్తే దొరికిందేమిటి? తైవాన్ వాళ్లు తెలివైన పని చేశారు. టిష్యూ కల్చర్‌లో లక్షల మొక్కలు పెంచేటప్పుడు అక్కడక్కడ ఒకటి తల్లి కంటే కొంచెం తేడాగా పుడుతుంది. మామూలుగా దాన్ని దోషం అని పారేస్తారు. వాళ్లు ఆ వేల మొక్కల్ని తెచ్చి తెగులు నేలలోనే నాటారు. ఎక్కువ భాగం చచ్చాయి. చావనివి ఏరి, వాటి పిల్లల్ని మళ్లీ అదే నేలలో నాటారు. 218 అంకె వేసిన మొక్క ఫార్మోసానా అనే పేరుతో రైతులకు చేరింది. 219 అనేది దానికంటే గట్టిగా నిలబడింది, కానీ పంటకు రావడానికి బాగా ఎక్కువ నెలలు పడుతుంది. ఏది కావాలి మీకు? తెగులున్న తోట రైతు 219 అంటాడు, బ్యాంకు అప్పు ఉన్న రైతు 218 అంటాడు, రెండూ ఉన్న రైతు మౌనంగా ఉంటాడు. మార్కుల పట్టికలో ఈ మౌనానికి గడి లేదు.

హోండురాస్‌లోని ఎఫ్‌హెచ్‌ఐఏ సంస్థ సంకరాలు చేసింది. గింజ లేని పంటకు సంకరం చేయడమంటే ఏమిటో ఊహించుకోండి. వందల గెలల పూలకు చేత్తో పుప్పొడి అద్ది, పండ్లు గుజ్జు చేసి జల్లెడ పడితే ఎక్కడో ఒక గింజ. అలా వచ్చినవాటిలో గోల్డ్‌ఫింగర్ అనే రకం ఉంది. వడలును తట్టుకుంటుంది, గెలా దండిగా వేస్తుంది. అయితే రుచి కాస్త పుల్లటి ఆపిల్ వైపు పోతుంది, కావెండిష్‌కు అలవాటు పడిన నోటికి అది వేరే పండు. కర్పూరం పులుపుకు అలవాటు పడిన గోదావరి నోటికి నచ్చవచ్చేమోనని నా అనుమానం.

ఆస్ట్రేలియాలో శాస్త్రవేత్త జేమ్స్ డేల్ బృందం ఇంకో దారి పట్టింది. మలేషియా ప్రాంతపు గింజల అడవి అరటిలో నాలుగో తెగను అడ్డుకునే జన్యువును గుర్తించి, దాన్ని కావెండిష్‌లో పెట్టారు. తెగులు నిండిన పొలంలో మూడేళ్లు ఉంచారు. వాటిలో ఒక మొక్క సంతతికి ఆ మూడేళ్లలో తెగులు సోకలేదు. క్యూక్యావ్ 4 అనే మొక్కకు 2024 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. జన్యుమార్పిడి మీద మన అభిప్రాయాలు ఏవైనా, ఒక్కటి గమనించండి. పనికొచ్చిన జన్యువు ఎక్కడిది? పన్ను విరిగే గింజలున్న, ఎవరూ తినని, గెల చూస్తే నవ్వొచ్చే అడవి అరటిది. అందుకే బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో 1,600కు పైగా అరటి రకాలను గాజు గొట్టాల్లో దాచిపెట్టారు. మనకూ కొవ్వూరు పరిశోధన స్థానంలో, తిరుచిరాపల్లిలో రకాల సేకరణలు ఉన్నాయి. పనికిరాని రకం అని పెరట్లోంచి పీకేసిన పిలకలో ఏముందో దుంప కోయకముందే ఎలా తెలుస్తుంది?

ఇక మన రాష్ట్రం సంగతి. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై రేవుకు అచ్చంగా అరటిపండ్లే నింపుకుని ఒక రైలు వెళ్లింది, అక్కడి నుంచి పండ్లు ఓడెక్కాయి. సీమ నేల ఇంత అరటి పండిస్తుందని ముప్పై ఏళ్ల కిందట ఎవరూ అనుకోలేదు. డ్రిప్పు, టిష్యూ కల్చర్, గ్రాండ్ నైన్, ఈ మూడూ కలిసి చేసిన పని. నాకు సంతోషమే. కానీ ఆ రైల్లో ఉన్నది ఒకే చెట్టు కాసిన పండ్లు. మధ్య అమెరికా కంపెనీలకు మనకూ తేడా ఎక్కడుంది? మన రైతులు చిన్నవాళ్లు, ఇంకో అడవి నరికి తోట మార్చుకోలేరు. ఎకరానికి ఓ గట్టు వెంట వేరే రకం వేసుకుంటే నష్టం లేదు. గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ కర్పూరం, తెల్ల చక్కెరకేళి, బొంత, అమృతపాణి కలగలిపి కనిపిస్తాయి. వ్యాపారి కళ్లకు అది గందరగోళం, నా కళ్లకు భరోసా.

రేపు ఎవరైనా మీ దగ్గరికి వచ్చి 'వడలు తెగులును తట్టుకునే కొత్త రకం అండి' అంటే కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వండి. ఇచ్చి అడగండి: ఏ తెగను తట్టుకుంది? కుండీలోనా, తోటలోనా? ఎన్ని కాపులు చూశారు? పక్కన చచ్చే రకం వేశారా, అది చచ్చిందా? జవాబు చెప్పగలిగితే మొక్కలు కొనండి. నాలుగు ప్రశ్నలకూ 'గ్యారంటీ అండి' అన్నదే జవాబైతే, మంచినీళ్లతో సరిపెట్టండి.

ఒక హెచ్చరిక చెప్పి ముగిస్తాను. ఇంతసేపూ దుంప కోయాలి, దుంప కోయాలి అన్నాను కదా అని, తోటలో కావెండిష్ చెట్టు వడలితే మీరు పలుగు పుచ్చుకుని తవ్వకండి. ప్రయోగశాలలో కోసిన ముక్కలు కాల్చేస్తాం. తోటలో కోసిన ప్రతి ముక్కా, పలుగుకు అంటిన ప్రతి మట్టి పెళ్లా విత్తనమే. అనుమానం తీరాలంటే బోదె అడుగున పై డొప్పను కొద్దిగా చీల్చి చూడండి, నారల వెంట ఎర్రటి గోధుమ రంగు గీతలు కనిపిస్తే అక్కడే ఆగండి. చెట్టును నిలబడ్డ చోటే ఉంచి, చుట్టూ నాలుగు గుంజలు పాతి తాడు కట్టండి. ఆ వైపు నీరు పక్క మళ్లలోకి పారకుండా చూడండి. దాని పిలకలు ఎవరికీ ఇవ్వకండి, నరికి కాలువలో అసలు వేయకండి. ఉద్యాన అధికారికి కబురు పెట్టండి, కత్తి పట్టాల్సినవాళ్లు వాళ్లు వచ్చి పడతారు. డొప్ప చీల్చిన మీ చాకును మట్టి వదిలేదాకా కడిగి, మంట మీద కాల్చి, అప్పుడు మొలలో పెట్టుకోండి. చెప్పులు కూడా అక్కడే కడుక్కుని ఇంటికి బయలుదేరండి.